తలుపు తీసినవాళ్ల లెక్క

2024 నవంబర్ 6, బుధవారం

కులగణన మొదలైంది. కాగితం మీద దాని పూర్తి పేరు సామాజిక, ఆర్థిక, విద్య, ఉపాధి, రాజకీయ, కుల సర్వే. అంత పొడుగు పేరు పలికే ఓపిక మా కొండాపూర్‌లో ఎవరికీ లేదు. మొదటి మూడు రోజులు ఇళ్లు గుర్తించి స్టిక్కర్లు అంటించడం, తొమ్మిదో తారీఖు నుంచి అసలు ప్రశ్నలు. రాష్ట్రమంతా కలిపి దాదాపు 95 వేల మంది ఎన్యూమరేటర్లు తిరుగుతున్నారు.

ఇంటి నుంచి పని చేస్తుంటే మధ్యాహ్నం గేటు నుంచి ఫోన్. "సర్వే వాళ్లు వచ్చిండ్రు మేడం. యాప్‌ల ఏమని ఎక్కియ్యాలె? డెలివరీ, క్యాబ్, గెస్ట్, ఇవే ఉన్నయి." గెస్ట్ అని కొట్టమన్నాను. అలా ప్రభుత్వం మా అపార్ట్‌మెంట్‌లోకి అతిథిగా వచ్చింది. మా ఫ్లోర్‌లో ఆ పూట తలుపు తీసింది నేనొక్కదాన్నే. మిగతావాళ్లు ఆఫీసుల్లో ఉన్నారు, లేదా హెడ్‌ఫోన్ పెట్టుకుని మీటింగుల్లో ఉన్నారు.

నవంబర్ 10, ఆదివారం

ఎన్యూమరేటర్ గవర్నమెంటు స్కూల్ టీచర్. "ఆదివారం అయితెనే మీ అసొంటోళ్లు దొరుకుతరు మేడం" అంటూ కూర్చుంది. ఒళ్లో 75 ప్రశ్నల ఫారం. కులం, చదువు, ఉద్యోగం, భూమి, అప్పు ఎక్కడ తెచ్చారు, ఎందుకు తెచ్చారు, రిజర్వేషన్ వల్ల ఏం ఒరిగింది, ఇంట్లో ఏసీ ఉందా, కారుందా. హోమ్ లోన్ దగ్గర ఆమె పెన్ను ఆగింది. "ఈ ఇల్లు ఆస్తి కింద రాయాల్నా, అప్పు కింద రాయాల్నా?" రెండు చోట్లా రాయమన్నాను. నవ్వింది. ఈ వీధిలో ప్రతి ఇంట్లోనూ ఇదే జవాబు వస్తోందట.

రోడ్డు మీద పోయే గంటల గురించి, నిద్ర గురించి, ఒంట్లో బాగాలేకపోతే పిలవడానికి ఎవరున్నారన్న దాని గురించి ప్రశ్నల్లేవు. ఉండాలనీ కాదు. ఎవరి వాటా ఎంతో తేల్చడానికి పుట్టిన ఫారం ఇది. ఏ సర్వే అయినా అడిగించినవాళ్ల అవసరం చుట్టూనే తిరుగుతుంది. ఈ మధ్య ఏ ర్యాంకు చూసినా ముందు అదే వెతుకుతున్నాను: దీనికి డబ్బు పెట్టింది ఎవరు, జవాబు ఎవరికి కావాలి అని.

నవంబర్ 17

టిఫిన్ దగ్గర 2014 మాట వచ్చింది. ఆగస్టు 19, సమగ్ర కుటుంబ సర్వే. రాష్ట్రం పుట్టి మూడు నెలలు కూడా కాలేదు. ఒక్క రోజులో కోటి ఇళ్లు లెక్కపెట్టాలని దాదాపు నాలుగు లక్షల మంది ఉద్యోగుల్ని దింపారు. సెలవిచ్చారు. ఎవరి ఊళ్లో వాళ్లుండాలన్న మాట పుట్టి, ముందు రాత్రి బస్టాండ్లలో పండగ రద్దీ. పేరు రాయించుకోకపోతే పింఛను పోతుంది, కార్డు పోతుంది అన్న భయమే జనాన్ని ఊళ్లకు తరిమింది. మాదాపూర్ మాత్రం నిర్మానుష్యం. ఇక్కడివాళ్లలో చాలామందికి పోవడానికి పింఛనూ లేదు, కార్డూ లేదు.

అంత హడావుడిగా సేకరించిన వివరాలు పూర్తిగా జనం చేతికి రానేలేదు. జవాబు చెప్పినవాళ్లకు ఫలితం చూపించాలన్న ఇంగితం మన సర్వేలకు ఎప్పుడబ్బుతుందో.

డిసెంబర్ 4

ఆఫీస్ క్యాంటీన్‌లో వాదన. పుణె నుంచి వచ్చిన సహోద్యోగి మా ఊరే మేలంటాడు, మా టీమ్ లీడ్ 'మెర్సర్‌లో హైదరాబాదే ఫస్ట్' అంటాడు. ఇద్దరిదీ నిజమే. 2019లో మెర్సర్ సంస్థ జీవన నాణ్యత జాబితాలో 231 నగరాలుంటే, హైదరాబాద్, పుణె రెండూ 143వ స్థానం పంచుకున్నాయి. దేశంలో అదే పైస్థానం. అంతకు ముందు కొన్నేళ్లూ మనదే పైచేయి. పేపర్లలో 'నంబర్ వన్' మొదటి పేజీకెక్కింది, 143 లోపలి పేజీలో ఇరుక్కుంది.

ఆ జాబితా ఎందుకు తయారవుతుందో టీమ్ లీడ్‌కి తెలియదు. ఒక బహుళజాతి కంపెనీ తన ఉద్యోగిని పరదేశం పంపితే అతనికి కష్టాల భత్యం ఎంతివ్వాలో తేల్చడానికి. న్యూయార్క్‌ని వందగా పెట్టుకుని, పది విభాగాల్లో 39 అంశాలు తూస్తారు. ఇంటర్నేషనల్ స్కూలుందా, విమానాశ్రయం ఎలా ఉంది, అద్దెకు మంచి ఇల్లు దొరుకుతుందా లాంటివి. గచ్చిబౌలికి వచ్చే అమెరికన్ మేనేజర్‌కి పనికొచ్చే లెక్కే. అతని కారు డ్రైవర్ ఎక్కడ అన్నం తింటాడో ఆ లెక్కకు అక్కర్లేదు.

మన ప్రభుత్వం చేసిన ఈజ్ ఆఫ్ లివింగ్ ఇండెక్స్ ఇంకో కథ. 2018 జాబితాలో 111 నగరాల్లో పుణె మొదటిది, తిరుపతి నాలుగు, విజయవాడ తొమ్మిది, హైదరాబాద్ ఇరవై ఏడు. తర్వాతిది 2021 మార్చిలో వచ్చింది. పది లక్షలు దాటిన 49 నగరాల్లో బెంగళూరు మొదటిది, విశాఖ 15, హైదరాబాద్ 24. ఈసారి నూటికి ముప్ఫై మార్కులు జనాభిప్రాయానికి పెట్టారు, అదొక్కటే నాకు నచ్చిన సంగతి. 2020 జనవరి 16 నుంచి మార్చి 20 దాకా 32 లక్షల మంది చెప్పిన జవాబులవి. ఆ జనాభిప్రాయంలో భువనేశ్వర్ ముందుంది, ర్యాంకుల్లో తల ఎత్తిన బెంగళూరు కాదు.

ఒకే ఊరు ఒక జాబితాలో దేశానికే మొదటిది, మరో జాబితాలో ఇరవై నాలుగోది. రెండూ అబద్ధం కావు. క్యాంటీన్ వాదన తేలలేదు, బిర్యానీ మీదికి మళ్లింది. అక్కడ పుణెవాడు ఓడిపోయాడు.

డిసెంబర్ 19

ఆఫీసులో హెచ్ఆర్ వాళ్ల పల్స్ సర్వే. అయిదు నవ్వు ముఖాలు, ఒకటి నొక్కాలి. పేరు అడగరు, కానీ లింకు ఎవరిది వాళ్లకే మెయిల్‌లో వస్తుంది. మా వరసలో అందరూ నాలుగో ముఖమే నొక్కారు. అయిదు నొక్కితే అబద్ధమని తెలిసిపోతుంది, మూడు నొక్కితే మేనేజర్ పిలుస్తాడు.

2025 జనవరి 14, భోగి మర్నాడు

సైబర్ టవర్స్ నుంచి గచ్చిబౌలి దాకా స్కూటీ మీద నిమిషాల్లో పోయాను. సిగ్నళ్లు ఎవరి కోసమో మారుతున్నాయి. మెర్సర్ వాళ్లు సంక్రాంతి మూడు రోజుల్లో వస్తే చాలు, ఆ జాబితాలో ముందుండే వియన్నాకి చెమటలు పడతాయి.

జనవరి 26

బేగంపేటలో సెస్ ఆవరణ, అంటే ఆర్థిక సామాజిక అధ్యయనాల కేంద్రం. 1980లో మొదలైన సంస్థ. ఉన్నదేమో నిజామియా నక్షత్రశాల ప్రాంగణంలో. వందేళ్ల కిందట ఇక్కడి దూరదర్శిని ఆకాశంలో తనకు అప్పగించిన పట్టీని ఫొటోలు తీసి, లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచి ప్రపంచ జాబితాకు అందించింది. ఇప్పుడు అదే చోట కూర్చుని మనుషుల లెక్కలు తీస్తున్నారు. నక్షత్రాలు నయం, ఆధార్ అడిగినా, అడక్కపోయినా కదలవు.

సెస్ పేరు చెబితే నాకు గుర్తొచ్చేది యంగ్ లైవ్స్. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే అధ్యయనం. ఇథియోపియా, పెరూ, వియత్నాం, మన దగ్గర అప్పటి ఆంధ్రప్రదేశ్, నాలుగు చోట్లా కలిపి 12 వేల మంది పిల్లలు. మన వాటా మూడు వేలు. 2002లో పేర్లు రాసుకున్నారు. రెండు వేల మంది ఏడాది అటూ ఇటూగా ఉన్న పసివాళ్లు, వెయ్యి మంది అప్పటికే ఏడెనిమిదేళ్లవాళ్లు. శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా, మహబూబ్‌నగర్, కరీంనగర్, హైదరాబాద్ బస్తీలు కూడా, మొత్తం ఇరవై చోట్ల. సగటు చూపించాలని కాదు, పేదరికం పిల్లల్ని ఏం చేస్తుందో చూడాలని పేదలున్న చోట్లకే ఎక్కువగా వెళ్లారు. ఇక్కడ ఈ సర్వే చేసే బాధ్యత సెస్‌ది, తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయానిది.

దీని గొప్పతనం ఒక్కటే. మళ్లీ వస్తారు. 2006లో, 2009లో, 2013లో, 2016లో అదే పిల్లల దగ్గరికి, అదే ఇంటికి, ఇల్లు మారితే వెతుక్కుంటూ కొత్త ఇంటికి. కరోనా ఏడు ఫోన్లో పలకరించారు. మధ్యలో రాష్ట్రం రెండయింది, పిల్లలు మాత్రం ఒకే జాబితాలో ఉండిపోయారు. ఎత్తు, బరువు, చదువు, ఇంట్లో వస్తువులతో పాటు ఒక నిచ్చెన బొమ్మ చూపిస్తారు. తొమ్మిది మెట్లు. పై మెట్టు నీకు తెలిసినంతలో అతి మంచి బతుకు, కింది మెట్టు అతి చెడ్డది. నువ్వు ఎక్కడున్నావు? నాలుగేళ్లకు ఎక్కడుంటావు?

వైకుంఠపాళి ఆడినవాళ్లకి ఈ ప్రశ్నలో ఏం లోపించిందో వెంటనే తెలుస్తుంది. నిచ్చెన పక్కన పాము లేదు. అయితే ఏళ్ల తరబడి అదే మనిషిని అడుగుతూ పోతే పాము దానంతటదే బయటపడుతుంది. 2009లో ఆరో మెట్టు మీద ఉన్న పిల్ల 2013లో మూడు అంటే, మధ్యలో ఏమైందో మిగతా కాగితాల్లో ఉంటుంది. కరువు, నాన్న జబ్బు, చదువు మాన్పించడం, పెళ్లి. ఒక్కసారి అడిగి ర్యాంకు కట్టే లెక్కల్లో ఈ కబురు పుట్టే అవకాశమే లేదు.

వయసులు కూడితే ఒకటి తోచింది. పెద్ద పిల్లలు 1994-95లో పుట్టారు. 1998 నవంబర్ 22న వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించే నాటికి వాళ్లకు నాలుగేళ్లు. చిన్నవాళ్లూ, 2001లో ఏర్పాటైన సైబరాబాద్ అభివృద్ధి సంస్థా ఒక ఈడువాళ్లు. ఇవాళ రాయదుర్గం మెట్రో దిగి మెడలో ట్యాగు వేసుకుని నడిచే ఇరవై మూడేళ్లవాళ్లలో ఆ రెండు వేల మందిలో ఒకరో ఇద్దరో ఉండొచ్చు. ఎక్కువమంది ఆ ట్యాగు లేకుండానే అదే భవనాల్లో లిఫ్టులు నడుపుతూ, హౌస్ కీపింగ్ చేస్తూ ఉంటారని నా ఊహ.

ఫిబ్రవరి 2

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో కేశవ అయ్యంగార్ కోసం వెతికాను. 1929-30లో నిజాం రాజ్యపు పల్లెల ఆర్థిక స్థితి మీద అయిదు సంపుటాలు తెచ్చిన మనిషి. ఇరవై ఏళ్లకు, 1949-51లో, మళ్లీ పల్లెల మీదికి వెళ్లాడు. తిరిగి వెళ్లి చూడటం మనకు ఆక్స్‌ఫర్డ్ నేర్పిన పనేం కాదు. పుస్తకం దొరకలేదు. ఇంటర్మీడియట్ గైడ్లు గుట్టలుగా ఉన్నాయి.

ఫిబ్రవరి 5

నిన్న అసెంబ్లీలో కులగణన వివరాలు పెట్టారు. కోటీ 12 లక్షల కుటుంబాలు, 3 కోట్ల 54 లక్షల మంది. ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45. వాట్సాప్ గ్రూపుల్లో అందరూ తమ వాటా దగ్గరే ఆగారు.

నా కళ్లు ఆగింది 96.9 దగ్గర. అంత శాతం కుటుంబాలు లెక్కలోకి వచ్చాయి, 3.1 శాతం రాలేదు. ఆ రానివాళ్లలో నగరంవాళ్లే ఎక్కువట. తాళాలు, 'తర్వాత రండి'లు, 'మా వివరాలు మీకెందుకు'లు. రానివాళ్లు అన్ని వర్గాల్లోంచీ సమానంగా తప్పుకుని ఉంటే ఇబ్బంది లేదు. అలా ఎప్పుడూ జరగదు. తలుపు తీయనిది ఒకే రకం ఇల్లయితే, సర్వేలో ఆ రకం ఇల్లు తగ్గిపోతుంది. డేటాతో బతికే ఇంజినీర్లు ఎక్కువగా ఉన్న వీధుల్లోనే డేటా ఇవ్వనివాళ్లు ఎక్కువ. ఇందులో వింతేమీ లేదు, డేటా ఏమవుతుందో వాళ్లకు బాగా తెలుసు.

ఫిబ్రవరి 16

వదిలేసిన ఇళ్లకు మళ్లీ సర్వే ఈ రోజు నుంచి 28 దాకా. టోల్ ఫ్రీ నంబరు ఇచ్చారు, ఆన్‌లైన్‌లో నింపే వీలూ ఇచ్చారు. మా ఎదురు ఫ్లాట్ అతన్ని లిఫ్టులో అడిగాను, ఫోన్ చేశారా అని. "దానివల్ల మనకేం వస్తుందండీ?" అన్నాడు. మంచి ప్రశ్నే. ఆక్స్‌ఫర్డ్ వాళ్లకి జవాబు చెప్పిన పిల్లలకీ డబ్బుల రూపంలో పెద్దగా ఏం వచ్చి ఉండదు.

ఫిబ్రవరి 27

కేంద్ర గణాంక శాఖ 2024 టైమ్ యూజ్ సర్వే వచ్చింది. నాకు అన్నిటికంటే ఇష్టమైన సర్వే ఇది. నిన్న తెల్లవారుజామున నాలుగు నుంచి ఇవాళ నాలుగు దాకా ఏం చేశావో చెప్పమంటుంది. అభిప్రాయం అడగదు, మెట్టు అడగదు. ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లకు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లకు 88. 2019లో 299, 97. అయిదేళ్లలో ఆడవాళ్ల పని పది నిమిషాలు తగ్గిందని సంతోషిద్దామంటే, మగవాళ్లది తొమ్మిది తగ్గింది.

మా ఐటీ కారిడార్‌కి మాత్రం ఈ పట్టిక అతకదు. ఇక్కడ నైట్ షిఫ్ట్ మనిషికి తెల్లవారుజామున నాలుగంటే మధ్యాహ్నం కింద లెక్క. ఆ వేళప్పుడు నానక్‌రామ్‌గూడలో టీ కొట్లు చూడండి, ఇడ్లీ బండి ముందు వరస కట్టి ఉంటారు. అమెరికా గడియారం మీద బతికేవాళ్ల రోజు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ తెగుతుందో ఏ ఫారంలో రాస్తారు?

భూటాన్‌వాళ్లు తమ జాతీయ సంతోష సూచికలో దీన్ని నేరుగా పట్టుకున్నారు. తొమ్మిది రంగాలు, 33 సూచికలు. అందులో కాలవినియోగం ఒక రంగం. ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల నిద్ర, వాళ్ల గీత అదీ. ఆ గీత తెచ్చి మా బిల్డింగుకి పెడితే ఎందరు దాటుతారో. 2010లో ఒక్కో మనిషి దగ్గర గంటల తరబడి కూర్చుని అడిగారట. అప్పటికి 40.9 శాతం మంది సంతోషవంతులు, 2022కి 48.1. మధ్యలో అక్కడి కుర్రాళ్లు ఆస్ట్రేలియాకి విమానాలెక్కుతూనే ఉన్నారు. సంతోషానికీ వీసాకీ ఉన్న సంబంధం తెలుగువాళ్లం మనకు ఒకరు చెప్పాలా?

మార్చి 20

ప్రపంచ సంతోష దినం. నివేదిక వచ్చింది, 147 దేశాల్లో మనది 118. ఫిన్లాండ్ వరసగా ఎనిమిదోసారి మొదటిది. సాధారణంగా దేశానికి ఏడాదికి వెయ్యి మంది చొప్పున, మూడేళ్ల సగటు. ఇక్కడా నిచ్చెనే, సున్నా నుంచి పది దాకా. 1965లో హ్యాడ్లీ కాంట్రిల్ అనే అమెరికన్ వేసిన నిచ్చెన.

ఈసారి నివేదిక తీసుకున్న ప్రశ్నలు బాగున్నాయి. గడచిన వారంలో ఎన్ని పూటలు ఎవరితోనైనా కలిసి తిన్నావు? పర్సు పోగొట్టుకుంటే దొరికినవాళ్లు తెచ్చిస్తారా? నిజంగా పర్సులు పారేసి చూసిన ప్రయోగాల్లో జనం ఊహించినదానికి దాదాపు రెట్టింపు తిరిగొచ్చాయట. మొదటి ప్రశ్న సిద్దిఖ్ నగర్ పీజీ హాస్టళ్లలో అడగాలి. ఒక గదిలో ముగ్గురు, మూడు షిఫ్టులు, మూడు పార్సిళ్లు, మూడు ఫోన్లు.

ఇదే తేదీన 2019లో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ తెరిచారు. ఆ రోజు అమీర్‌పేట నుంచి కూర్చుని వచ్చిన సంబరం ఇంకా గుర్తుంది. ఇప్పుడు పొద్దున తొమ్మిదింటికి ఆ రైల్లో మెట్టు సంగతి అడిగితే, ఎవరి కాలు ఏ మెట్టు మీదుందో చెప్పడమూ కష్టమే.

ఏప్రిల్ 4

నిన్న సుప్రీంకోర్టు కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టొద్దని ఆపింది. సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాలు. మార్చి 30 రాత్రి నుంచి బుల్డోజర్ల రొద, నెమళ్ల కేకలు కలిసిన వీడియోలు ప్రతి ఫోన్లోనూ. కొత్త ఐటీ పార్కులకు ఆ భూమి కావాలన్నది ప్రభుత్వం మాట.

చెట్టు నరికితే జిల్లా ఆదాయం పెరుగుతుంది, భవనం కడితే ఇంకా పెరుగుతుంది. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ అన్నీ శేరిలింగంపల్లి మండలం, రంగారెడ్డి జిల్లా. 2022-23లో ఆ జిల్లా తలసరి ఆదాయం తొమ్మిదిన్నర లక్షలకు దగ్గర, రాష్ట్రంలో మొదటి స్థానం. ఆనుకుని ఉన్న వికారాబాద్ లక్షా ఎనభై వేల దగ్గర, చివరి స్థానం. తొమ్మిదిన్నర లక్షలు ఎవరి జేబులోనూ లేవు. భవనాల్లో తయారైన విలువని జిల్లా జనాభాతో భాగిస్తే వచ్చిన అంకె అది. షాద్‌నగర్ పత్తి రైతు కూడా ఆ భాగహారంలో ఉన్నాడు.

మే 11

మా టీమ్‌లో సగం మంది నోట ఫ్యాటీ లివర్ మాట. హైదరాబాద్ యూనివర్సిటీ, ఏఐజీ హాస్పిటల్ కలిసి 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు. 71 శాతం ఊబకాయం. పల్స్ సర్వేలో నాలుగో ముఖం నొక్కిన చేతులే ఇవి. రక్తాన్ని అడిగితే మొహమాటం లేకుండా చెప్పింది.

దీని పక్కన పెట్టుకుని చదవాల్సింది ఒకటుంది. నగరం చుట్టుపక్కల 29 పల్లెల్లో, 1987-90 మధ్య గర్భిణులకూ పిల్లలకూ అంగన్‌వాడీ ఆహారం ఇచ్చిన ఊళ్లు, ఇవ్వని ఊళ్లు ఎంచుకుని మొదలుపెట్టిన అధ్యయనం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఆ పిల్లల్ని పెద్దయ్యాకా వదల్లేదు. తిండి చాలక ఏమవుతుందో చూడటానికి మొదలైన పని, తిండీ ఊరూ మారి బీపీ, షుగర్ ఎలా వస్తున్నాయో చూసే పనిగా మారింది. ఊళ్లే నగరం వైపు జరిగాయి మరి.

జూన్ 17

జనగణన గెజిట్ నిన్న వచ్చింది. 2027 మార్చి 1 నాటి లెక్క. అంతకు ముందు ఇళ్ల జాబితా. ఈసారి కులం అడుగుతారు, ఎవరి వివరాలు వాళ్లే ఫోన్లో నింపుకోవచ్చు కూడా.

సెల్లార్‌లో ఉండే వాచ్‌మన్ భార్య మా ఇంట్లో గిన్నెలు తోముతుంది. నారాయణపేట వైపు వాళ్లు. నవంబర్ సర్వేలో వీళ్ల పేర్లు ఊళ్లో అత్త రాయించింది. ఇక్కడ ఆ గదిని ఎవరూ అడగలేదు. "ఫోన్ల నింపుడు అంటున్నరు కదక్కా, మాది జర నింపిపెడ్తవా? ఊరి అడ్రస్ పెట్టాల్నా, ఇక్కడిదా?" ఏడేళ్లుగా ఇక్కడే ఉంటున్నారు కాబట్టి ఇక్కడిదే అన్నాను. "ఇక్కడిదంటె ఎన్నో నంబరక్కా?" ఫ్లాట్ నంబర్లు 101 నుంచి మొదలవుతాయి. అసోసియేషన్ సెక్రటరీని అడిగాను. సెల్లార్ పార్కింగ్ కింద ప్లాన్‌లో ఉందండీ, అక్కడ ఎవరైనా ఉంటున్నట్టు ఎక్కడా రాయొద్దు అన్నాడు. నేను రాస్తాననే చెప్పాను. గ్రూపులో రభస మొదలైంది, ఇంకా సాగుతోంది.

ఇక్కడి తలసరి లెక్కలన్నీ 2011 జనాభా మీద కట్టిన అంచనాలతోనే భాగిస్తున్నారు. ఆ తర్వాత వచ్చిన టవర్లు, హాస్టళ్లు, సెల్లార్ గదులు, లేబర్ షెడ్లు అన్నీ నిజంగా లెక్కకెక్కితే కింద విభాజకం పెరుగుతుంది. రంగారెడ్డి తొమ్మిదిన్నర లక్షలు అప్పుడు కొంత దిగుతుందనే నా అనుమానం. దిగితే మంచిదే.